గడ్డ తీశాక మొహం సంగతి కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారమండి.

మొన్న మీ పేపర్ హెల్త్ పేజీలో చెవి లోపల వచ్చే గడ్డ గురించి, అదేనండి అకూస్టిక్ న్యూరోమా అంటారు, దాని గురించి వేసింది మొత్తం చదివాను. గడ్డ ఎందుకొస్తుంది, ఎలా కనిపెడతారు, ఆపరేషన్ ఎలా చేస్తారు అన్నీ వివరంగా రాశారు, బాగుంది. కానీ చివర్లో ఆపరేషన్ తర్వాత కొందరికి మొహం ఒక పక్క బలహీనపడొచ్చు, మెల్లగా తగ్గిపోతుంది అని ఒక్క లైన్‌తో వదిలేశారు. ఆ ఒక్క లైన్‌లోనే మా ఇంట్లో ఏడాదికి పైగా గడిచిందండి. అందుకే రాస్తున్నా, కాస్త పొడుగైనా ఓపిక చేసుకుని చదవండి, వీలైతే వెయ్యండి, ఎందుకంటే ఈ ఆపరేషన్ చేయించుకుని ఇంటికొచ్చిన వాళ్ళకి ఆ తర్వాత ఏం చెయ్యాలో తెలుగులో చెప్పే కాగితం ఒక్కటి కూడా నాకు దొరకలేదు.

మాది గుంటూరు. మా ఆయన మిర్చి యార్డులో ఒక కమిషన్ షాపులో గుమస్తా, టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, లెక్క రాసుకోవడం, కాటా దగ్గర నిలబడ్డం, రైతులకి పట్టీలు రాసివ్వడం ఆయన పని. కుడి చెవి వినపడక పోవడం ఎప్పుడు మొదలైందో ఆయనకే తెలీదు. ఫోన్ ఎప్పుడూ ఎడం చెవికే పెట్టుకునేవారు, వాకిట్లోంచి పిలిస్తే పెరటి వైపు చూసేవారు, చెవిలో ఒకటే హోరు అనేవారు, నడుస్తుంటే అప్పుడప్పుడూ తూలేవారు. గుబిలి పట్టిందేమో, బీపీ ఏమో అని అందరూ అన్నారు. కొత్తపేటలో ఒక ఈఎన్టీ డాక్టర్ గారు ఆడియోగ్రామ్, అదే వినికిడి పరీక్ష, తీయించి, వయసు వల్ల వినికిడి తగ్గితే రెండు చెవులకీ తగ్గాలి, ఒక్క చెవికే ఇంత తేడా ఉండకూడదు, కాంట్రాస్ట్ వేసి ఎమ్మారై తీయించండి అన్నారు. ఆ మాట అన్నందుకు ఆయనకి జన్మంతా రుణపడి ఉంటాం. ఒక్క చెవికే వినపడకపోతే ఎవరూ తేలిగ్గా తీసుకోవద్దు, ఇది మాత్రం పెద్దక్షరాల్లో వెయ్యండి.

ఆ గడ్డ క్యాన్సర్ కాదు. చెవి నుంచి మెదడుకి వెళ్ళే ఎనిమిదో నరం ఉంటుంది, వినికిడీ, ఒంటి బ్యాలెన్సూ రెండూ దాని మీదే, అందులో బ్యాలెన్స్ చూసే భాగం మీద ఉండే పొర నుంచి ఇది పుడుతుంది, అందుకే ఇప్పుడు డాక్టర్లు దీన్ని వెస్టిబ్యులర్ ష్వానోమా అంటున్నారు. లక్ష మందిలో ఏడాదికి ఒకరికో ఇద్దరికో వస్తుందట. చాలా మెల్లగా పెరుగుతుంది. చిన్నగా ఉంటే ఏమీ చెయ్యకుండా ఏడాదికోసారి స్కాన్ తీసి చూస్తూ ఉంటారు, కొంతమందికి గామా నైఫ్ లాంటి రేడియేషన్‌తో ఆపుతారు, పెద్దదైపోయి మెదడు కాండాన్ని నొక్కుతుంటే ఆపరేషన్ తప్పదు. మా ఆయనది 3 సెంటీమీటర్లు దాటింది, కాబట్టి ఆపరేషనే అన్నారు.

ఇక మొహానికీ చెవిలో గడ్డకీ ఏంటి సంబంధం అంటే, మొహాన్ని కదిలించే ఏడో నరం ఈ ఎనిమిదో నరం పక్కనే, ఒకే సన్నని ఎముక సందులోంచి వెళ్తుంది. గడ్డ పెరిగే కొద్దీ ఆ ఏడో నరం దాని మీద ఉల్లిపాయ పొరలా పల్చగా సాగిపోయి అంటుకుపోతుంది. గడ్డని తీస్తూ నరాన్ని కాపాడాలి, ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ మొహం కండరాల్లో సూదుల్లాంటి ఎలక్ట్రోడ్లు పెట్టి నరం పని చేస్తోందా లేదా అని మిషన్‌లో చూస్తూ ఉంటారు, మరీ అతుక్కుపోయి ఉంటే ఆ పల్చటి పొర దగ్గర కొంచెం గడ్డని అలాగే వదిలేస్తారు కూడా, మొహం పోవడం కంటే అదే మేలని. గడ్డ ఎంత పెద్దదైతే నరానికి అంత రిస్క్. నరం తెగకపోయినా లాగినందుకూ, వాచినందుకూ, దానికి రక్తం సరిగ్గా అందనందుకూ అది పని ఆపేస్తుంది. కొంతమందికైతే ఆపరేషన్ అయ్యాక మొహం బాగానే ఉండి, కొన్ని రోజులు గడిచాక మూతి వంకర పోతుంది, ఇంటిల్లిపాదీ హడలిపోతారు, కానీ అలా ఆలస్యంగా వచ్చింది చాలామందికి బాగానే తగ్గుతుందని మా సర్జన్ గారు ముందే చెప్పారు. మా ఆయనకి మాత్రం స్పృహలోకి వచ్చినప్పుడే మొహం కుడి పక్క మొత్తం పోయింది. నరం తెగలేదమ్మా, కంటికి కనిపిస్తూ నిలిచే ఉంది, టైం పడుతుంది అన్నారు.

ఆ టైం పడుతుంది అన్న మాట దగ్గరే అసలు కష్టమంతా మొదలైంది. ఆపరేషన్ చేసిన డాక్టర్లని నేను ఒక్క మాట అనను, ప్రాణం కాపాడారు, గంటల తరబడి మైక్రోస్కోప్‌లో చూస్తూ చేసే పని అది. కానీ డిశ్చార్జ్ సమ్మరీ ఇంగ్లీష్‌లో అయిదారు పేజీలుంది, అందులో కన్ను గురించి ఉన్నదల్లా ఐ కేర్ అని రెండు మాటలు. ఐ కేర్ అంటే ఏం చెయ్యాలండీ? ఏ చుక్కలు, ఎన్నిసార్లు, రాత్రి పూట ఏం చెయ్యాలి, ఎప్పుడు భయపడాలి? ఆ హాస్పిటల్ పేరు నేను రాయను, ఎందుకంటే ఇది ఆ ఒక్క హాస్పిటల్ సంగతి కాదు, అక్కడి ఓపీలో పరిచయమైన వాళ్ళు వేరే వేరే చోట్ల చేయించుకున్నా అందరూ ఇదే చెప్పారు.

మొహం వంకర పోయినప్పుడు అందరి చూపూ మూతి మీదే ఉంటుంది, కానీ తొందరపడాల్సింది మూతి గురించి కాదు, కన్ను గురించి. మూతి రేపు రావొచ్చు, ఏడాదికి రావొచ్చు, కన్ను మాత్రం పాడవడానికి ఎక్కువ రోజులు పట్టదు. ఏడో నరం పడిపోతే రెప్ప మూతపడదు, రెప్ప కొట్టడం ఉండదు, పైగా కన్నీళ్ళు ఊరడానికి వెళ్ళే నరం కూడా దీంతో పాటే పోతుంది కాబట్టి చాలామందికి ఆ కంట్లో తడి కూడా తగ్గిపోతుంది. అంటే కన్ను తెరుచుకునే ఉంటుంది, ఎండిపోతూ ఉంటుంది, నల్లగుడ్డు మీద పుండు పడుతుంది, చూపు పోతుంది. దాంతో పాటు చెంప మీద తిమ్మిరి కూడా ఉంటే ఇంకా ప్రమాదం, ఎందుకంటే స్పర్శ చూసే అయిదో నరం కూడా దెబ్బ తిన్నదని అర్థం, కంట్లో పుండు పడ్డా నొప్పి తెలీదు. నొప్పి లేదు కదా అని ఊరుకోకూడదు, కన్ను ఎర్రబడినా, మసకేసినా, వెలుతురు చూడలేకపోయినా ఆ రోజే కంటి డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. మనకి తాడిగడపలో ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రి ఉంది, గుంటూరు జీజీహెచ్‌లో, అదే గవర్నమెంటు పెద్దాస్పత్రిలో, కంటి విభాగం ఉంది, దూరాభారం కూడా కాదు.

రాత్రి మేం చేసింది చెప్తా, ఎవరికైనా పనికొస్తుందని. కాచి చల్లార్చిన నీళ్ళలో దూది ముంచి కన్ను లోపలి మూల నుంచి బయటికి ఒక్కసారే తుడవాలి, ఆ దూది పారేయాలి. కింది రెప్పని వేలితో కొంచెం కిందికి లాగి ఆయింట్‌మెంట్ సన్నగా ఒక గీతలా వెయ్యాలి, ట్యూబు మూతి కంటికి తగలకూడదు. తర్వాత పై రెప్పని వేలి మెత్తటి భాగంతో కిందికి తెచ్చి, పూర్తిగా మూతపడిందో లేదో పక్కనుంచి టార్చి వేసి చూసి, అప్పుడు మైక్రోపోర్ టేపు వెయ్యాలి. చాలామంది చేసేది ఏంటంటే కన్ను సగం తెరిచి ఉండగానే దాని మీద దూది పెట్టి పైన టేపు వేసేస్తారు, ఆ దూది రాత్రంతా నల్లగుడ్డుకి రాసుకుంటుంది, అసలు కట్టు కట్టకపోయినా ఇంత నష్టం ఉండదు. ఇది నాకు చూపించింది కంటి ఆస్పత్రిలో ఒక సిస్టర్ అమ్మాయి, నా వేళ్ళు పట్టుకుని మరీ నేర్పించింది. పగలు ఆర్టిఫిషియల్ టియర్స్ అనే చుక్కలు, డాక్టర్ చెప్పినన్ని సార్లు, ఇంకా ఎండినట్టుంటే మళ్ళీ వెయ్యాలి. ఫ్యాన్ గాలి, కూలర్ గాలి మొహానికి తగలకుండా పడుకోవాలి, మన గుంటూరు ఎండల్లో అది ఎంత కష్టమో మీకు చెప్పక్కర్లేదు, అయినా తప్పదు.

ఇక మా ఆయన పని చేసేది మిర్చి యార్డులో. సీజన్‌లో యార్డు గేటు దాటగానే మామూలు కళ్ళున్న వాళ్ళకే ఘాటుకి నీళ్ళు కారతాయి, అలవాటున్న హమాలీలు కూడా కండువా చుట్టుకుంటారు. మూతపడని కన్నుతో అక్కడ నిలబడ్డం అంటే ఆలోచించండి. చుట్టూ మూసుకుని ఉండే కళ్ళజోడు పెట్టుకుని వెళ్ళారు, షాపు యజమాని గారు మంచివారు కాబట్టి కాటా దగ్గర కాకుండా లోపల పద్దుల దగ్గర కూర్చోబెట్టారు. అందరికీ అలాంటి యజమాని దొరకరు. దుమ్ములో, ఎండలో, పొగలో పని చేసేవాళ్ళకి కన్ను మూతపడే దాకా పని మార్చమని డాక్టర్లు ఒక సర్టిఫికెట్ రాసిస్తే చాలా మేలు జరుగుతుంది, అడిగితే రాస్తారు కూడా, అడగాలని మనకి తెలియాలి కదా.

ఎక్కువ కాలం పట్టేలా ఉంటే పై రెప్పలో చిన్న బంగారం బిళ్ళ గానీ ప్లాటినం బిళ్ళ గానీ పెడతారు, ఒక గ్రాము అటూ ఇటూ ఉంటుంది, ఆ బరువుకి రెప్ప తనే కిందికి వాలుతుంది, నరం వచ్చాక తీసేయొచ్చు. లేదంటే రెప్పల చివర రెండు కుట్లు వేసి కన్ను కొంచెం చిన్నది చేస్తారు. మా ఆయనకి బిళ్ళ దాకా వెళ్ళలేదు గానీ, అలాంటివి ఉన్నాయని ముందే తెలిసుంటే మాకు సగం బెంగ తగ్గేది.

మొహం తిరిగి రావడం గురించి చెప్తాను. నరం రోజుకి సుమారు ఒక మిల్లీమీటరు పెరుగుతుందట, అంటే నెలకి 3 సెంటీమీటర్లు. మెదడు దగ్గర్నుంచి చెవి ఎముకలోని సన్న దారి దాటి, చెవి కింద నుంచి బయటికొచ్చి, నుదురు, కన్ను, బుగ్గ, పెదవి, గడ్డం ఇన్ని కొమ్మలుగా చీలి కండరం దాకా చేరాలి. అందుకే నెలల తరబడి అద్దంలో ఏ మార్పూ కనిపించదు, లోపల పని జరుగుతున్నా బయటికి తెలీదు. మా ఆయనకి ఆపరేషన్ కార్తీకంలో అయ్యింది. సంక్రాంతికి ఏమీ లేదు. ఉగాది దాటాక బుగ్గలో కాస్త బిగువు వచ్చింది, కదలిక కాదు, వేలాడుతున్న చెంప కాస్త పైకి నిలబడింది అంతే, అది కూడా నేనే పట్టుకున్నా, అన్నం తింటుంటే ముద్ద చెంప సందులో ఇరుక్కోవడం తగ్గిందని. వినాయక చవితి నాటికి మూతి కొస కదిలింది. ఇప్పుడు గట్టిగా ప్రయత్నిస్తే కన్ను పూర్తిగా మూస్తున్నారు. ప, బ, మ పలకడానికి పెదాలు కలవాలి కదా, అవి కూడా ఇప్పుడు తేటగా వస్తున్నాయి. నుదురు ఇంకా కదలడం లేదు, కింది పెదవి కూడా అంతే, అవి రెండూ ఆఖర్న వస్తాయని, ఒక్కోసారి పూర్తిగా రావని కూడా చెప్పారు.

మొహం ఎంత పడిపోయిందో చెప్పడానికి డాక్టర్లు హౌస్ బ్రాక్‌మన్ గ్రేడ్ అని ఒక లెక్క వాడతారు, 1985లో అమెరికాలో జాన్ హౌస్, డెరాల్డ్ బ్రాక్‌మన్ అనే ఇద్దరు డాక్టర్లు దాన్ని స్థిరపరిచారు. ఒకటి అంటే మామూలు మొహం, ఆరు అంటే అసలు కదలిక లేదు. గట్టిగా ప్రయత్నిస్తే కన్ను పూర్తిగా మూతపడితే మూడు, ఎంత ప్రయత్నించినా మూతపడకపోతే నాలుగు లేదా అంతకంటే ఎక్కువ. ప్రతి పేషెంటూ తనది ఎంత గ్రేడో అడిగి, తేదీతో సహా రాయించుకోవాలి, నెలకోసారి ఒకే వెలుతురులో ఫోన్‌లో చిన్న వీడియో తీసుకోవాలి, కనుబొమ్మలు ఎత్తడం, కళ్ళు మూయడం, నవ్వడం, పెదాలు గుండ్రంగా చుట్టడం. రోజూ చూసే మనిషి మొహంలో మార్పు మనకి తెలీదు, రెండు వీడియోలు పక్కపక్కన పెడితే తెలుస్తుంది. డాక్టర్‌కి కూడా అదే పనికొస్తుంది.

ఈ ఖాళీ నెలల్లోనే జనం ఆగం చేస్తారు. మూతి వంకర పోయింది అనగానే పక్షవాతం అనుకుంటారు. పసరు పోయిస్తామని ఒకరు, పావురం రక్తం రాయమని ఒకరు, గాలి సోకింది దిష్టి తీయించమని ఒకరు. మా అత్తగారైతే ఏడ్చేశారు, ఆ మందు తెప్పించవే తల్లీ అని, ఆవిడ బాధ ఆవిడది, కొడుకు మొహం చూళ్ళేకపోయింది. తల వెనకాల కుట్లు ఆరకముందే, కన్ను తెరుచుకుని ఉన్న మనిషి మొహానికి ఏవేవో రాస్తే కంట్లోకి పోతుందత్తయ్యా అని నెమ్మదిగా చెప్పి ఆపాను. ఇక్కడే ఇంకో ముక్క, ఇలాంటి ఆపరేషన్ ఏదీ లేకుండా ఎవరికైనా హఠాత్తుగా మూతి వంకర పోతే, చెయ్యి లాగేసినా మాట తడబడినా, అది మెదడుకి వచ్చిన స్ట్రోక్ కావచ్చు, ఒక్క నిమిషం కూడా ఆగకుండా పెద్దాస్పత్రికి తీసుకెళ్ళాలి. మామూలుగా స్ట్రోక్‌లో నుదురు కదులుతుంది, కింది సగం మాత్రమే పోతుంది, నరం పోతే నుదుటితో సహా పోతుంది, కానీ ఆ తేడా ఇంట్లో కూర్చుని తేల్చుకోవద్దు, డాక్టర్లనే తేల్చనివ్వండి.

ఇక కరెంట్ పెట్టించడం. ఇది మన ఊళ్ళో చాలా ఎక్కువ, సందుకో సెంటర్ ఉంది. మొహానికి కరెంట్ పెట్టి కండరాలని ఎగిరేలా చేస్తే నరం తొందరగా వస్తుందని చెప్తారు. మొహం నరాల మీదే పని చేసే ఫిజియోథెరపిస్టులు చాలామంది దీన్ని వద్దంటారు, ఎందుకంటే కరెంట్ పెట్టినప్పుడు కండరాలన్నీ ఒక్కసారిగా బిగుసుకుంటాయి, మనకి కావాల్సింది ఒక్కో కండరం విడివిడిగా, మెత్తగా కదలడం. అలాగే బెలూన్లు ఊదడం, చూయింగ్ గమ్ గంటల తరబడి నమలడం, మూతిని బలవంతంగా లాగడం కూడా మంచివి కావు. నమిలే కండరానికి అసలు నరమే వేరు, అది అయిదో నరం, దాన్ని ఎంత నమిలించినా ఏడో నరానికి వచ్చేదేమీ లేదు. మాకు దొరికిన ఫిజియో మేడమ్ విజయవాడలో ఉంటారు, ఆవిడ నేర్పింది ఏంటంటే, అద్దం ముందు ప్రశాంతంగా కూర్చుని, ముందు బాగున్న పక్కని వదులు చెయ్యాలి, ఎందుకంటే మంచి పక్క మూతిని తన వైపు లాగేస్తూ ఉంటుంది, తర్వాత మూతి కొసని గింజంత మాత్రమే కదపాలి, పక్కన కన్ను చిన్నదవుతుంటే వెంటనే ఆపాలి. ఎంత గట్టిగా చేశాం అని కాదు, ఎంత శుభ్రంగా చేశాం అనేదే లెక్క అంటారావిడ. కదలిక ఏమీ రాని రోజుల్లో వేళ్ళతో మెత్తగా మసాజ్, అంతే.

పక్కన కన్ను చిన్నదవడం అంటే ఏంటో చెప్పాలి. నరం తిరిగి పెరిగేటప్పుడు అన్ని పోగులూ పాత దారిలోనే వెళ్ళవు, పెదవికి వెళ్ళాల్సింది కంటికి, కంటికి వెళ్ళాల్సింది బుగ్గకి చేరతాయి. అప్పుడు నవ్వితే కన్ను మూసుకుపోతుంది, కన్ను ఆర్పితే మూతి లాగుతుంది, కొంతమందికి అన్నం తింటుంటే ఆ కంట్లోంచి నీళ్ళు కారతాయి. దీన్ని సింకైనీసిస్ అంటారు. మా ఆయనకి ఇది మొదలైంది, నవ్వితే కుడి కన్ను సగం ముడుచుకుంటుంది. మొదట చూసినప్పుడు మళ్ళీ ఏదో అయ్యిందని భయపడ్డాం, కానీ ఇది నరం వచ్చిందనడానికి గుర్తే, దీనికి శిక్షణ ఉంది, మరీ ఎక్కువైతే బోటాక్స్ ఇంజెక్షన్ చిన్న చిన్న మోతాదుల్లో ఇస్తారు, మూడు నాలుగు నెలలు పని చేస్తుంది, మళ్ళీ వేయించుకోవాలి. బోటాక్స్ అంటే సినిమా వాళ్ళ అందం కోసమే అనుకుంటారు జనం, ఇది అది కాదు.

ఇప్పుడు నేను ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం చెప్తా. ఓపీలో మాకు తెనాలి వైపు నుంచి వచ్చిన ఒకావిడ పరిచయమైంది. ఆవిడకీ ఇదే గడ్డ, ఇదే ఆపరేషన్. మెల్లగా తగ్గుతుందమ్మా అంటే ఆ మాటే పట్టుకుని ఎదురు చూసింది, కరెంట్ పెట్టించింది, పసరు వాడింది, రెండేళ్ళు దాటిపోయాయి, కదలిక లేదు. అప్పుడెవరో చెప్తే ప్లాస్టిక్ సర్జన్ దగ్గరికి వెళ్ళింది. ఆయన చెప్పింది విని ఆవిడ బెంచీ మీద కూర్చుని ఏడుస్తుంటే నేనే పక్కన కూర్చున్నా. ముందే వచ్చి ఉంటే, నాలికకి వెళ్ళే నరాన్ని గానీ నమిలే కండరానికి వెళ్ళే నరాన్ని గానీ కొంత తీసుకుని మొహం నరానికి కలిపేవాళ్ళం, ఇప్పుడు మొహం కండరాలు ఎండిపోయాయి, నరం కలిపినా అవి పలకవు, ఇక తొడలోంచి కండరం తెచ్చి వెయ్యడమే దారి అన్నారట. ఎంత పెద్ద తేడా అండీ! నరం అందని మొహం కండరం ఏడాదిన్నర, రెండేళ్ళకి మించి నిలవదు. కాబట్టి నరం నిలిచే ఉంటే ఎదురు చూడాలి, నిజమే, చాలామందికి వస్తుంది కూడా, కానీ ఆ ఎదురుచూపుకి ఒక గడువు ఉంది. ఆరు నెలలు దాటినా బిగువు గానీ కదలిక గానీ ఏమీ లేకపోతే కండరానికి నరం అందుతోందో లేదో చూసే ఈఎంజీ పరీక్ష చేయించుకుని, మొహం నరాలు చేసే సర్జన్‌కి చూపించుకోవాలి, ఏడాది లోపు ఒక నిర్ణయానికి రావాలి. ఆపరేషన్‌లో నరం తెగిందని తెలిస్తే అసలు ఆగే పనే లేదు, కాలి పిక్క దగ్గర్నుంచో మెడ దగ్గర్నుంచో నరం ముక్క తీసి అక్కడికక్కడే అతుకు వేసే పద్ధతి ఉంది. ఆవిడకి ఈ గడువు సంగతి డిశ్చార్జ్ రోజే ఎవరైనా ఒక కాగితం మీద రాసిచ్చుంటే ఆవిడ కథ వేరేగా ఉండేది.

మొహం బాగోకపోవడం అందం గొడవ అనుకుంటారు, కాదండీ. పెళ్ళిలో వీడియో వాళ్ళు నవ్వండి నవ్వండి అంటే మా ఆయన స్తంభం వెనక్కి వెళ్ళిపోయేవారు. మజ్జిగ తాగితే ఒక పక్క కారిపోతుందని నలుగురిలో తినడం మానేశారు. ఒకచోట ఈకేవైసీ, అదే మనిషిని గుర్తుపట్టే పరీక్ష, చెయ్యడానికి ఫోన్ ముందు కూర్చోబెట్టి కళ్ళు ఆర్పండి అన్నారు, ఒక కన్ను మూతపడుతుంది, ఇంకోటి పడదు, ఆ యాప్ తీసుకోదు, వెనకాల క్యూలో వాళ్ళు విసుక్కుంటున్నారు, ఆయన మొహం దించుకుని కూర్చున్నారు. ఆఖరికి వేలిముద్రతో చేశారు, ఆ పని మొదట్లోనే చెయ్యొచ్చు కదా. ఇక వికలాంగుల సర్టిఫికెట్ సంగతి చూద్దామంటే, 2016 చట్టం ప్రకారం చెవుడు రెండు చెవులకీ ఉంటేనే లెక్క, ఒక చెవి పూర్తిగా పోయినా అందులోకి రాదు, మొహం నరం పోవడం అనేది ఆ చట్టంలోని 21 రకాల వైకల్యాల జాబితాలో పేరుతో లేనే లేదు. ఒక చెవి లేదు, ఒక కన్ను తనంతట తాను మూతపడదు, బ్యాలెన్స్ సరిగ్గా ఉండదు, కానీ కాగితాల ప్రకారం మా ఆయనకి ఏ లోటూ లేనట్టే. మా అబ్బాయి ఒకరోజు ఫోన్‌లో చూపించాడు, హాలీవుడ్ సినిమాల్లో హల్క్ వేషం వేసే మార్క్ రఫలోకి కూడా ఇదే గడ్డ వచ్చిందట, మొహం పడిపోయి మళ్ళీ వచ్చిందట, ఒక చెవి మాత్రం పోయిందట. అది చూసి మా ఆయన ఆ రోజు రెండు ముద్దలు ఎక్కువ తిన్నారు. అంత చిన్న మాటకి కూడా మనిషికి ఎంత బలం వస్తుందో దగ్గరుండి చూశా కాబట్టి చెప్తున్నా, బాగైన వాళ్ళ గురించి కూడా రాయండి.

నేను అడిగేవి పెద్ద కోరికలు కావు. ఈ ఆపరేషన్ చేసే ప్రతి ఆస్పత్రీ, గవర్నమెంటైనా ప్రైవేటైనా, డిశ్చార్జ్ అప్పుడు తెలుగులో ఒక్క పేజీ ఇవ్వాలి, అందులో కన్నుకి రాత్రి ఏం చెయ్యాలి పగలు ఏం చెయ్యాలి బొమ్మలతో సహా ఉండాలి, ఈ రోజుకి గ్రేడు ఎంతో, నరం నిలిచి ఉందో తెగిందో రాసి ఉండాలి, ఫలానా నెల దాటితే ఫలానా డాక్టర్‌ని కలవాలి అని తేదీ వేసి ఉండాలి. గుంటూరు జీజీహెచ్‌లో గానీ, విజయవాడ పెద్దాస్పత్రిలో గానీ, మంగళగిరి ఎయిమ్స్‌లో గానీ నెలకి ఒక్క రోజు ఈఎన్టీ, న్యూరో సర్జరీ, కంటి, ప్లాస్టిక్ సర్జరీ డాక్టర్లూ ఫిజియో వాళ్ళూ ఒకే గదిలో కూర్చుని ఇలాంటి పేషెంట్లని చూస్తే, ఒక్కో విభాగం చుట్టూ ఒక్కో రోజు తిరిగే పని తప్పుతుంది, పల్నాడు నుంచీ బాపట్ల నుంచీ వచ్చే వాళ్ళకి కూలి డబ్బులైనా మిగులుతాయి. చుక్కల మందు, ఆయింట్‌మెంట్, ఫిజియో, ఇవన్నీ మేం చేతి నుంచే పెట్టుకున్నాం, ఆరోగ్య పథకం కింద ఆపరేషన్‌కి ఇచ్చే దాంట్లోనే ఈ ఏడాది ఖర్చు కూడా కలిపి చూడమని ప్రభుత్వాన్ని అడుగుతున్నా. మొహంతో చేసే ఈకేవైసీ దగ్గర కన్ను ఆర్పలేని వాళ్ళకి వెంటనే వేలిముద్ర తీసుకోవాలని సచివాలయాలకీ బ్యాంకులకీ ఒక్క ఆర్డరు వేస్తే సరిపోతుంది.

మీ హెల్త్ పేజీకి రాసే డాక్టర్ గారితో ఆ ఒక్క పేజీ కాగితం మీరే రాయించి పేపర్లో వెయ్యండి, కత్తిరించి దాచుకునేలా. కంటికి టేపు వేసే పద్ధతి బొమ్మలు గీయించేటప్పుడు రెప్ప పూర్తిగా మూతపడ్డాకే టేపు అన్నది స్పష్టంగా కనపడేలా చూడమనండి. ఆ పేజీ వచ్చిన రోజు చెప్తే నేను కొన్ని కాపీలు ఎక్కువ కొని కొత్తపేట హాస్పిటళ్ళ ఓపీల్లో ఇచ్చి వస్తాను. నా పేరు వెయ్యొద్దు, మా ఆయనకి ఇష్టం లేదు, ఊరి పేరు వేస్తే చాలు.

ఒక పాఠకురాలు,
గుంటూరు